కఠినత్వము ప్రేమ కాగలదా?

"నీ మంచి కొరకే చెప్పుచున్నాను" అను మాటను మనమందరము చిన్ననాట విన్నవారమే. తండ్రి నోట వింటిమి, పంతులుగారి నోట వింటిమి, ఒక్కొక్కప్పుడు చెంప మండుచుండగా వింటిమి. పెద్దవారమైన తరువాత అదే మాటను మన పిల్లలతో మనము చెప్పుచున్నాము. అప్పుడు మనము నమ్మలేదు. ఇప్పుడు వారు నమ్మవలెనని కోరుచున్నాము. మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత చెప్పి మన మనస్సాక్షిని నిదురపుచ్చుచున్నాము. అయితే వంచుట వేరు, విరుచుట వేరు. మన చేతిలోని మొక్క వంగుచున్నదో విరుగుచున్నదో తెలిసికొనుట ఎట్లు? కఠినముగా నుండుట ప్రేమించుటలో ఒక విధము కాగలదా? లేక అది మన కోపమునకు మనము తొడిగిన మంచి చొక్కా మాత్రమేనా?

ఈ ప్రశ్నను ఊరక గాలిలో తర్కించినయెడల ఎవరికి తోచినది వారు చెప్పుదురు. గనుక ఒక మనిషి జీవితమును ఎదుట ఉంచుకొని ఆలోచింతము. ఆమె మన దేశస్థురాలు కాదు, మన భాష ఎరుగదు. ఆమె పేరు పాట్ సమ్మిట్. అమెరికా దేశములో టెన్నెసీ విశ్వవిద్యాలయపు స్త్రీల బాస్కెట్ బాల్ జట్టునకు 38 ఏండ్లు శిక్షకురాలుగా నుండెను. ఆమె కఠినత్వము ఆ దేశమంతట ప్రసిద్ధము. ఆమె యెడల ఆమె శిష్యురాండ్రకు గల ప్రేమయు అంతే ప్రసిద్ధము. ఈ రెండును ఒక్క జీవితములో ఎట్లు ఇమిడినవో చూచినయెడల మన ప్రశ్నకు కొంత వెలుగు దొరకవచ్చును.

ఆమె 1952వ సంవత్సరము జూను 14వ తేదీన టెన్నెసీ రాష్ట్రములోని క్లార్క్స్‌విల్ పట్టణములో పుట్టెను. తండ్రి రిచర్డ్ హెడ్, తల్లి హేజెల్. వారిది వ్యవసాయ కుటుంబము. పాడియు పొగాకును వారి జీవనాధారము. పొగాకు పని యెట్టిదో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి చెప్పనక్కరలేదు. ముగ్గురు అన్నల తరువాత పుట్టిన ఈ పిల్లకు పనిలో మినహాయింపు లేదు. పగలంతయు పొలములో పనిచేసి, రాత్రి ఎండుగడ్డి దాచు అటక మీద అన్నలతో కలిసి బంతి ఆడెను. మగపిల్లల మోచేతుల పోట్లు తిని ఆడిన ఆట అది.

తండ్రి మితభాషి, మెచ్చుకొనుట ఆయన నోటికి అలవాటు లేదు. అయితే క్లార్క్స్‌విల్‌లో ఆడపిల్లలకు బాస్కెట్ బాల్ జట్టు లేదని తెలిసినప్పుడు ఆయన ఏమి చేసెను? కుమార్తె ఆడుకొనుటకు వీలుండవలెనని కుటుంబమునంతటిని పక్క జిల్లాలోని హెన్రియెట్టా అను ఊరికి మార్చెను. కళాశాలలో చివరి ఏట ఆమె మోకాలు దెబ్బతిని, ఇక ఆట కట్టిపెట్టుట మేలని వైద్యుడు చెప్పినప్పుడు, ఈ పిల్ల ఒలింపిక్సుకు పోవలసియున్నది, మోకాలు బాగుచేయుడని ఆ తండ్రి పట్టుబట్టెను. నోటితో చెప్పని ప్రేమను ఆయన చేతలతో చెప్పెను. దీనిని మనము జ్ఞాపకముంచుకొనవలెను; మరల దీని యొద్దకు వత్తుము.

1974వ సంవత్సరములో ఆమెకు 22 ఏండ్లు. టెన్నెసీ విశ్వవిద్యాలయమునకు సహాయకురాలుగా పోవలసినది, అక్కడి శిక్షకురాలు సెలవు పెట్టుటచేత ఒక్కసారిగా ప్రధాన శిక్షకురాలాయెను. నెలకు 250 డాలర్లు జీతము. జట్టులో కొందరు ఆమెకంటె ఒక్క ఏడు మాత్రమే చిన్నవారు. జట్టును ఊరూరికి తీసికొనిపోవు వ్యానును ఆమెయే నడిపెను. ఆటబట్టలను ఆమెయే ఉతికెను. ఆ బట్టలైనను అంతకు ముందటి ఏడు తీపి డోనట్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో కొన్నవి. ఆడిన మొదటి ఆటలో ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయిరి.

ఆ దినములలో స్త్రీల ఆటలకు గౌరవము అంతంత మాత్రమే. ఆమె అన్నలకు ఆటల వలన కళాశాల విద్యార్థి వేతనము దొరికెను. ఆమెకు అట్టిది లేనందున తలిదండ్రులే రుసుము కట్టిరి. విద్యాలయములలో ఆడ మగ భేదము చూపరాదను చట్టము అమెరికాలో 1972లో వచ్చినది. చట్టము కాగితము మీద ఉండెనేగాని మైదానము మీదికి ఇంకను దిగిరాలేదు. టెన్నెసీ ఉన్నత పాఠశాలలలో ఆడపిల్లలు ఆరుగురు చొప్పున, సగము మైదానములోనే ఆడవలెనను పాత పద్ధతి 1979 వరకు నడిచెను. పూర్తి మైదానము పరుగెత్తుటకు ఆడపిల్లకు ఊపిరి చాలదని పెద్దల నమ్మకము. ఆ పద్ధతి మారవలెనని పోరినవారిలో పాట్ సమ్మిట్ ఒకతె.

ఇక ఆమె కఠినత్వమును గూర్చి దాచకుండ చెప్పుకొందము. ఆమె చూపు పేరుమోసినది. తప్పు చేసిన పిల్ల వైపు ఆ నీలికన్నులతో రెప్పవేయక చూచినయెడల మాటలతో పనిలేకపోయెను. తొలి ఏండ్లలో ఒకసారి కొందరు పిల్లలు నియమము మీరి రాత్రి విందులకు పోయినట్లు తెలిసినది. మరునాడు ఆమె మైదానము నాలుగు మూలల నాలుగు చెత్తడబ్బాలు పెట్టించి, ఆ డబ్బాలలో వాంతి చేసికొనువరకు వారిని పరుగెత్తించెను. ఈ సంగతిని ఆ దేశమువారు తరచు నవ్వుచు చెప్పుకొందురు. మనము నవ్వలేము. మనకు అట్టి కుమార్తె యుండి ఆ రాత్రి ఇంటికి ఉత్తరము వ్రాసినయెడల మన ప్రాణము ఎట్లుండును?

ఇక్కడ మనలో కొందరు వెంటనే, "అయితేనేమి, ఆమె గెలిచినది గదా!" అందురు. ఔను, గెలిచినది. జాతీయ విద్యాలయముల పోటీలో ఎనిమిది పర్యాయములు ఆమె జట్టు ప్రథమ స్థానము పొందెను: 1987, 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008. 1997-98వ సంవత్సరములో ఆడిన 39 ఆటలలో ఒక్కటియు ఓడలేదు. మొత్తము 1,098 ఆటలు గెలిచి, 208 ఓడెను. 38 ఏండ్లలో గెలుపుల కంటె ఓటములు ఎక్కువైన ఏడు ఒక్కటియు లేదు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్సులో తానే ఆడి వెండి పతకము తెచ్చెను. 1984లో లాస్ ఏంజెల్స్‌లో శిక్షకురాలుగా బంగారు పతకము తెచ్చెను.

కాని గెలుపు కఠినత్వమును సమర్థించునా? మనము నిదానించి ఆలోచింతము. ఆమె మొదటి జాతీయ విజయము 1987లో వచ్చినది. అనగా పని మొదలుపెట్టిన 13 ఏండ్ల తరువాత. ఆ మధ్య కాలములో ఎన్నో పర్యాయములు చివరి మెట్టువరకు పోయి వట్టిచేతులతో తిరిగివచ్చెను. గెలుపే సమర్థనమైనయెడల, 1986 వరకు ఆమె పద్ధతి తప్పనియు, 1987లో ఒక్క సాయంకాలమున అది ఒప్పాయెననియు చెప్పవలసివచ్చును. ఇది హాస్యాస్పదము. ఒక పిల్ల యెడల మనము నడుచుకొను తీరు న్యాయమో అన్యాయమో నిర్ణయించుటకు గోడమీది గెలుపోటముల పట్టిక సాక్షిగా నిలువలేదు.

మరియొక సంగతి. ఆ 1,098 అను సంఖ్య ఒకప్పుడు ఎవరును అందుకొనజాలనిదిగా తోచెను. 2020వ సంవత్సరము డిసెంబరులో స్టాన్‌ఫర్డ్ శిక్షకురాలు టారా వాన్‌డర్‌వీర్ దానిని దాటెను. ఆ తరువాత కనెక్టికట్ శిక్షకుడు జీనో ఆరియెమా కూడ దాటెను. లెక్క ఎంత పెద్దదైనను ఒకనాడు మరియొకరి పాలగును. ఆమె గొప్పతనము ఆ లెక్కలోనే యుండియున్నయెడల ఆ దినముతోనే అది తరిగిపోయి యుండవలెను. తరుగలేదు. కాబట్టి మనము మరియొక చోట వెదకవలెను.

ఇట్లు విజయమును పక్కకు పెట్టి చూచినప్పుడు, ఆమె జీవితములో కఠినత్వమునకు నాలుగు కొలతలు మనకు కనబడుచున్నవి.

మొదటి కొలత: కఠినముగా నుండువాడు ఆ కఠినత్వము క్రింద తానును ఉన్నాడా? పిల్లలను వేకువనే లేపి తాను పడుకొను తండ్రి, తాను పాఠము చదువక పిల్లలను చదువుమను ఉపాధ్యాయుడు కఠినులు కారు, వట్టి అధికారులు. పాట్ సమ్మిట్ పిల్లలకు ఏ భారము పెట్టెనో దానిని ముందు తాను మోసెను. వ్యాను నడిపి, బట్టలు ఉతికి, పాఠములు చెప్పి, తాను పై చదువు చదివి, చెడిన మోకాలితో ఒలింపిక్సు కొరకు సాధన చేసి, ఇవి అన్నియు ఆ తొలి రెండేండ్లలోనే జరిగినవి. "మీరు చేయుడి" అని ఆమె చెప్పినది ఎప్పుడును మైదానము అంచున కూర్చుండి చెప్పిన మాట కాదు. పిల్లలు మన మాటకంటె ముందు మన చేతులను చూతురు.

రెండవ కొలత: ఈ కఠినత్వము ఎవరి లాభము కొరకు? దీనికి జవాబు ఆటలో దొరకదు, చదువులో దొరకును. ఆమె జట్టులో ఒక నియమము కలదు. తరగతికి పోవు ప్రతి పిల్ల మొదటి మూడు వరుసలలోనే కూర్చుండవలెను. కారణము లేక తరగతి మానినయెడల ఆట ఆడరాదు. ఎంత గొప్ప ఆటకత్తె అయినను సరే, ఎంత పెద్ద ఆట అయినను సరే. దీని ఫలితమేమి? 38 ఏండ్లలో ఆమె యొద్ద తన ఆట కాలమును పూర్తిచేసిన ప్రతి క్రీడాకారిణియు పట్టభద్రురాలాయెను. ఒక్కతెయు తప్పిపోలేదు.

దీని విలువ మనము గ్రహింపవలెను. ఆమె యొద్దకు వచ్చిన పిల్లలలో పేద ఇండ్లవారు కలరు. తమ వంశములో కళాశాల ముఖము మొదట చూచినవారు కలరు. బంతి ఆడుట నాలుగేండ్ల ముచ్చట. మోకాలు ఒకటి తెగినయెడల అదియు లేదు. గెలుపు కొరకు మాత్రమే పనిచేయు శిక్షకునికి తరగతిలో మూడవ వరుసతో పనియేమి? పిల్ల చదివినను చదువకున్నను బంతి బుట్టలో పడును. కాని ఆ పిల్ల 40 ఏండ్ల వయస్సున ఏమి తినును, ఎవరి ముందర తలవంచును అని ఆలోచించువారికి మాత్రమే మూడవ వరుస ముఖ్యము. కఠినత్వము పిల్ల భవిష్యత్తు వైపు చూచుచున్నదా, మన పరువు వైపు చూచుచున్నదా అని తెలిసికొనుటకు ఇది మంచి పరీక్ష. మార్కులు తక్కువ వచ్చినందుకు పిల్లవానిని కొట్టుచు, "నలుగురిలో నా తల తీసివేసితివి" అని మనము అన్నయెడల, ఆ దెబ్బ ఎవరి కొరకు కొట్టితిమో మన నోరే చెప్పినది.

ఇక్కడనే మరియొక సంగతి చెప్పుట తగును. అదే విశ్వవిద్యాలయములో పురుషుల జట్టు కలదు. దానిని నడుపుమని 1994లోను 2001లోను ఆమెను అడిగిరి. ఆమె ఒప్పుకొనలేదు. మగపిల్లలకు నేర్పుట పైమెట్టు ఎందుకగునని ఆమె ప్రశ్న. లోకమంతయు పైమెట్టు అనుకొన్న దానిని ఆమె పైమెట్టుగా చూడలేదు. ఆమె దృష్టిలో ఆడపిల్లలు నిచ్చెన మెట్లు కారు. వారిని త్రొక్కి పైకి పోవలెనని ఆమె వారిని వంచలేదు. 2006 నాటికి ఏడాదికి పది లక్షల డాలర్లకు మించిన జీతము పొందిన మొదటి స్త్రీల బాస్కెట్ బాల్ శిక్షకురాలు ఆమెయే. ఆ ధనమును కీర్తియు కదలక నిలిచిన చోటనే ఆమెను వెదకికొని వచ్చినవి.

మూడవ కొలత: గద్దింపు తరువాత తలుపు తెరచియున్నదా? గద్దించి విడిచిపెట్టుట సులభము. మైదానములో వణకించిన ఆ స్త్రీయే పిల్లలను తన ఇంటికి పిలిచి తన చేతితో వండిపెట్టెను. చదువు ముగిసి పోయిన వారు పెండ్లియందును, చావునందును, ఉద్యోగము పోయినప్పుడును ఆమెనే పిలిచిరి. వారిలో అనేకులు తామును శిక్షకురాండ్రైరి. ఆమె తరువాత ఆ జట్టును 2019 వరకు నడిపిన హాలీ వార్లిక్, అటుపిమ్మట 2024 వరకు నడిపిన కెల్లీ హార్పర్ ఇద్దరును ఆమె క్రింద ఆడిన పిల్లలే. భయముచేత మాత్రమే విధేయుడైనవాడు గడప దాటిన దినముననే తిరిగి చూడడు. తిరిగి వచ్చి తలుపు తట్టువాడు అక్కడ భయముకంటె పెద్దదానిని దేనినో చూచినవాడు.

నాలుగవ కొలత అన్నిటికంటె కష్టమైనది: కఠినముగా నుండువాడు తన తప్పును ఒప్పుకొనగలడా? ఆ చెత్తడబ్బాల సంగతి మనము మరచిపోలేదు. అది సరియని మేము చెప్పబోము. పిల్లల దేహము మన కోపమునకు పలక కాదు. మన దేశములో 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలలలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. ఆ నిషేధము న్యాయమైనదే. తొలి ఏండ్లలో తాను మితిమీరి కఠినముగా నుంటినని పాట్ సమ్మిట్ కూడ తరువాత ఒప్పుకొనెను. ఏండ్లు గడచిన కొలది ఆమె వినుట నేర్చుకొనెను. ఒక్కొక్క పిల్ల మనస్సు ఒక్కొక్క తీరుగా నుండుననియు, ఒకతెను నిలబెట్టు మాటయే మరియొకతెను కూల్చుననియు గ్రహించెను. నియమములు సడలలేదు, చెప్పు తీరు మారెను. తనకు తెలియనిది ఏదియు లేదనుకొను కఠినుడు ప్రమాదకరమైన మనిషి. నేర్చుకొనుచుండు కఠినుని యొద్ద మాత్రమే పిల్లలను ఉంచవచ్చును.

ఇప్పుడు ఆమె తండ్రి యొద్దకు మరల వత్తము. కుమార్తె ఆట కొరకు ఊరు మార్చిన ఆ తండ్రి ఆమెను చేరదీసి కౌగిలించుకొనుట ఎరుగడు. 1996లో ఆమె జట్టు నాలుగవ జాతీయ విజయము పొందినప్పుడు ఆయన ఆమెను తొలిసారి కౌగిలించుకొనెనట. అప్పటికి ఆమెకు 43 ఏండ్లు. అప్పటికి ఒలింపిక్సు పతకములు రెండును, జాతీయ విజయములు నాలుగును ఆమె ఇంట నున్నవి.

ఈ సంగతిని చదివి కొందరు తండ్రులు, "చూచితిరా, అట్లు పెంచుటచేతనే ఆమె అంతటిది ఆయెను" అనవచ్చును. మేము అట్లు తలంపము. ఊరు మార్చిన ప్రేమచేత, మోకాలు బాగుచేయించిన ప్రేమచేత ఆమె అంతటిదాయెను. కౌగిలి లేకపోవుటచేత కాదు. 43 ఏండ్ల స్త్రీ, దేశమంతయు ఎరిగిన స్త్రీ, ఆ ఒక్క కౌగిలిని తేదీతో సహా జ్ఞాపకముంచుకొని చెప్పినదన్నయెడల అంతవరకు ఆమె దాని కొరకు ఎంత ఎదురుచూచినదో మనకు తెలియుచున్నది. పిల్ల బాగుపడుటచేత మనము ఇయ్యక దాచుకొన్నది ఒప్పు కాజాలదు. నీరు తక్కువైనను కొన్ని చెట్లు కాయును. అది చెట్టు గొప్పతనము; నీరు పోయనివాని గొప్పతనము కాదు. మన ఇండ్లలో కుమారులను తలనిమిరి మెచ్చుకొన్నయెడల చెడిపోవుదురని తలంచు తండ్రులు నేటికిని ఉన్నారు. వారు ఈ సంగతిని ఒకటికి రెండుమారులు తలపోయవలెనని మా మనవి.

ఇక ఆమె జీవితములోని చివరి భాగము. 2011వ సంవత్సరము ఆగస్టు నెలలో, 59 ఏండ్ల వయస్సున, తనకు ఆల్జీమర్సు అను మతిమరుపు వ్యాధి పట్టుకొనినదని ఆమె బహిరంగముగా ప్రకటించెను. ఆ వయస్సున అరుదుగా వచ్చు వ్యాధి అది. ప్రత్యర్థి జట్టులోని ప్రతి పిల్ల ఎడమచేతి వాటమో కుడిచేతి వాటమో తలలో నుంచుకొనిన మనిషికి, నిన్నటి మాట నేడు తోచని స్థితి వచ్చినది. దాచవచ్చును, దాచలేదు. తప్పు చేసినప్పుడు సాకు చెప్పరాదని 38 ఏండ్లు పిల్లలకు నేర్పిన స్త్రీ, తన బలహీనతకు కూడ సాకు చెప్పలేదు. మరియొక ఏడు జట్టుతో నుండి, ఎక్కువ భారమును హాలీ వార్లిక్‌కు అప్పగించి, 2012 ఏప్రిలులో పదవిని విడిచెను. ఆ వ్యాధిని గూర్చిన పరిశోధనకును, రోగుల కుటుంబముల సహాయమునకును తన పేరిట ఒక సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థకు పదివేల డాలర్లు పంపినవారిలో జీనో ఆరియెమా ఒకడు. ఆయన ఆమెకు ఏండ్ల తరబడి గట్టి ప్రత్యర్థి.

ఆ కడపటి ఏడు జనులు, పిల్లలు "మేము పాట్ పక్షము" అని వ్రాసిన చొక్కాలు తొడిగికొని వచ్చిరి. ఒకనాడు ఆమె చూపునకు వణకినవారు, ఆమె చూపు తడబడుచుండగా ఆమె పక్కన నిలిచిరి. ఎవరు ఎవరిని పట్టుకొని నడిపించుచున్నారో అన్నది తారుమారాయెను. 2016వ సంవత్సరము జూను 28వ తేదీన, 64 ఏండ్ల వయస్సున ఆమె కన్నుమూసెను.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న మనలను ఎదుర్కొనుచున్నది. తాను గెలిచిన ఆటలను తానే మరచిపోయిన మనిషికి ఆ గెలుపు వలన ఏమి మిగిలినది? మన ఇండ్లలో కూడ ఇట్టి ముసలివారు కలరు. ఇరువది ఏండ్లు పాఠము చెప్పిన పంతులుగారు నేడు తన శిష్యుని పేరు అడిగి, మరు నిమిషమున మరల అడుగుచున్నారు. ఆయన చేసిన పని ఎక్కడికి పోయినది? మేము ఇట్లు తలంచుచున్నాము. ఆ పని ఆయన తలలో ఎన్నడును లేదు. అది మొదటినుండి శిష్యులలోనే ఉన్నది. బోధించువాని జ్ఞాపకము చెదరినను బోధ చెదరదు, ఏలయన దానిని ఇతరుల జీవితములలో నాటియుంచెను. మూడవ వరుసలో కూర్చుండి చదివిన పిల్ల నేడు తన కుమార్తెను మూడవ వరుసలో కూర్చుండుమని చెప్పుచున్నది. ఆ కుమార్తెకు పాట్ సమ్మిట్ ఎవరో తెలియకపోవచ్చును. అయినను ఆ పని నడుచుచున్నది.

అదే విధముగా మనము చేసిన గాయము కూడ మన జ్ఞాపకములో లేదు, మన పిల్లలలో ఉన్నది. మనము మరచిపోయితిమి గనుక వారును మరచిరని తలంచరాదు. కోపములో మనము విసరిన ఒక మాట ఇరువది ఏండ్ల తరువాత వారి నోట వారి బిడ్డల మీద పడును. కాబట్టి కఠినత్వము చిన్న సంగతి కాదు. అది తరములు దాటి పోవు విత్తనము.

మరి మన ప్రశ్నకు జవాబేమి? కఠినత్వము ప్రేమ కాగలదా? కాగలదు, కాని దానంతట అది కాదు. కత్తి వైద్యుని చేతిలో నున్నను దొంగ చేతిలో నున్నను ఒకే విధముగా కోయును. దానిని పట్టిన చేయి ఏదో ముందు చూడవలెను. పాట్ సమ్మిట్‌ను మెచ్చుకొనువారిలో పలువురు ఆమె చూపును అనుకరించుదురు, ఆమె కేకను అనుకరించుదురు. అవి ఖర్చులేనివి. ఆమె ఉతికిన బట్టలను, ఆమె లెక్కించిన తరగతులను, ఆమె తెరచియుంచిన తలుపును, ఆమె ఒప్పుకొనిన తప్పును అనుకరించుట ఖర్చుతో కూడినది. మొదటిది చేసి రెండవది విడిచినవానికి ఆమె పేరు చెప్పుకొను హక్కు లేదు.

గనుక ప్రియ చదువరులారా, రేపు ఉదయమున మన ఇంటిలోనో, మన తరగతిలోనో, మన క్రింద పనిచేయువారి యెదుటనో గొంతు పెంచుటకు ముందు ఒక్క నిమిషము ఆగి మనలను మనము అడిగికొందము. ఈ నియమమును నేను పాటించుచున్నానా? ఇది ఎవరి మేలు కొరకు? ఇది చెప్పిన తరువాత వీరు నా యొద్దకు మరల రాగలరా? నేను పొరబడినయెడల వీరి యెదుట ఒప్పుకొందునా? ఈ నాలుగింటికి జవాబు చెప్పలేనప్పుడు ఊరకుండుట మేలు.

ఇప్పటికే పొరబడినవారము కూడ మనలో కలము. మన కుమారులు ఎదిగిరి, కుమార్తెలు అత్తవారిండ్లకు పోయిరి, ఇక ఏమి చేయగలమని నిట్టూర్చుచున్నాము. రిచర్డ్ హెడ్ ఆ కౌగిలి ఇచ్చునప్పటికి కుమార్తెకు 43 ఏండ్లు. అయినను అది ఆమెకు చేరినది, ఆమె దానిని కడవరకు చెప్పుకొనెను. మన పిల్లలు దూరదేశమున నున్నయెడల టెలిఫోను ఉన్నది. ఇంటనే ఉన్నయెడల పక్కగది వరకు నడచిన చాలును.